బ్యాటరీ నుంచి చెవి దాకా

ఇనుము కరిగించి పోతపోసే ఆ ఫౌండ్రీలో ఏడాదికోసారి కరెంటు పూర్తిగా తీసేస్తారు. ట్రాన్స్‌ఫార్మరు నూనె చూస్తారు, తీగల బిగింపులు చూస్తారు, కాలిన స్విచ్చులు మారుస్తారు. ఆ పూట కొలిమి వెలగదు, గ్రైండరు అరవదు. మిగతా రోజుల్లో పక్కపక్కన నిలబడ్డవాళ్లు కూడా సైగలతో మాట్లాడుకునే షెడ్డులో ఆ పూట రేకు మీద పిచ్చుక నడిచినా వినిపిస్తుంది. కార్మికుల వినికిడి పరీక్షలు అందుకే ఆ పూట పెట్టారు.

పరీక్ష చేసే ఆవిడ సొంత వ్యానులో వచ్చింది. ఆమె చదువుకు ఆడియాలజిస్టు అని పేరు. కార్ఖానాల్లో ఆ మాటకు ఎవరికీ నోరు తిరగదు కాబట్టి చెవులమ్మ అంటారు. మొదట్లో ఆమెకు కోపం వచ్చేది. తర్వాత వ్యాను తలుపు మీద ఆ పేరే రాయించుకుంది.

వ్యాను నడిపేది ఆమె బావ, అంటే అక్క మొగుడు. బండ్లకు వైరింగు చేసే షాపు ఉండేది ఆయనకు. దాన్ని తమ్ముడికి అప్పగించి మరదలి బండి ఎక్కాడు. వ్యాను వెనక భాగంలో గది కట్టింది, గోడలకు స్పాంజి బిగించింది, మధ్యలో రెండు పొరల అద్దంతో కిటికీ పెట్టింది ఆయనే. గదిలో ఒక కుర్చీ, కొక్కేనికి హెడ్‌ఫోన్లు, చేత్తో పట్టుకుని నొక్కడానికి ఒక బటను. కిటికీకి ఇవతల బల్ల మీద పరీక్ష యంత్రం, ల్యాప్‌టాప్, ప్రింటరు.

ఇంతకు ముందు వెళ్లిన చోట్లన్నీ గోడకు ప్లగ్గు ఉండేది. వైరు లాక్కుని పని కానిచ్చేవారు. ఇక్కడ గోడ ప్లగ్గులో ప్రాణం ఉండదు. అందుకని బావ వ్యానులో రెండో బ్యాటరీ పెట్టాడు. బండి నడుస్తున్నంతసేపూ ఇంజను పక్కనున్న ఆల్టర్నేటరు దాన్ని కూడా నింపుతుంది. బండి ఆపాక దాని మీద ఇన్వర్టరు నడుస్తుంది. బ్యాటరీలోని పన్నెండు వోల్టులను ఇంట్లో వచ్చే కరెంటులా మార్చి ప్లగ్గులకు ఇస్తుంది.

"టీవీ పెట్టుకో, ఫ్రిజ్ పెట్టుకో, పెళ్లికి మైకు సెట్టు పెట్టుకో," అన్నాడు బావ అది బిగించిన రోజు. "ఏదైనా లాగుతుంది."

"నేనేమన్నా కాపురం పెడుతున్నానా ఇందులో? చప్పుడు లేకుంటే చాలు బావా."

"చప్పుడా? దాని ఫ్యాను గదిలోకి వినపడకూడదని బండి అడుగున పెట్టెలో మూసి బిగించా. నీ గదిలో కూర్చుంటే నీ ఆలోచన నీకు వినపడాలి."

నిజంగానే వినపడేంత నిశ్శబ్దంగా ఉంది గది. రోజూ బయల్దేరే ముందు ఆ గదిలో మొదట కూర్చునేది బావే. ఆయన చెవులు ఎంత వింటాయో చెవులమ్మకు తెలుసు. తెలిసిన చెవిని పరీక్షించి, లెక్క సరిపోతే యంత్రం బాగున్నట్టు. ఈ వృత్తిలో అందరూ చేసే పనే అది.

"ఈ చెవులు ఇక్కడ ఇంత బాగా పనిచేస్తాయి. అక్క పిలిస్తే ఏమవుతాయో మరి," అనేది చెవులమ్మ.

"అది చెవి జబ్బు కాదులే. సంసారం," అనేవాడు బావ.

ఆ ఉదయం కూడా ఇంటి ముందు బండి ఆపి ఉండగానే చెవులు చూసుకున్నారు. ఇంటి గోడ ప్లగ్గు నుంచే వైరు లాగారు. బ్యాటరీని పనికి దాచుకోవాలని బావ మాట.

ఫౌండ్రీలో మొదట అచ్చులు చేసే వాళ్లు వచ్చారు, తర్వాత గ్రైండింగు వాళ్లు. ఒక్కొక్కరే గదిలో కూర్చుని, హెడ్‌ఫోన్లలో కూత వినిపించినప్పుడల్లా బటను నొక్కారు. కూత తగ్గుతూ పోతుంది. ఏ మెట్టు దగ్గర నొక్కడం మానేస్తారో అక్కడ చెవులమ్మ గుర్తు పెడుతుంది. డప్పు మోతలాంటి లావు శబ్దాల నుంచి ఈలలాంటి సన్న శబ్దాల దాకా గుర్తులన్నీ కలిపితే ఒక గీత వస్తుంది. ఆ గీతే చెవి. అది కిందికి దిగిన చోట శబ్దం చెవికి సరిగా అందనట్టు. లావు శబ్దాల దగ్గర అందరి గీతా కొంచెం దిగింది. ప్రహరీ అవతల ఎవరో గుంతలోంచి నీళ్లు తోడుతున్నారు. ఆ పంపు మోత వ్యాను దాకా వస్తోందేమో అనుకుంది. నేల మీద పనిచేసేవాళ్లకు ఆ కాస్త తేడాతో వచ్చే నష్టం లేదు. పని సాగించింది.

ఆ తర్వాత పైనక్క వచ్చింది.

షెడ్డు కప్పు కింద పట్టాల మీద నడిచే క్రేను ఆమెది. కరిగిన ఇనుము నింపిన గంగాళాన్ని కొలిమి దగ్గర ఎత్తి అచ్చుల దగ్గర దింపుతుంది. పొద్దున ఎక్కితే భోజనానికి తప్ప దిగదు కాబట్టి పైనక్క అయింది. కింద గంట కొట్టేవాడి గంటను బట్టి ఆమె చెయ్యి కదులుతుంది. ఆ గంట వినపడకపోతే గంగాళం మనుషుల మీదికి పోతుంది. అందుకే క్రేను ఎక్కేవాళ్ల గీత ఎక్కడా ఫలానా హద్దు దాటి దిగకూడదని ఈ ఏడు నిబంధన వచ్చింది. దిగితే మళ్లీ కరెంటు తీసే పూట దాకా, అంటే ఏడాది పాటు, ఇసుక జల్లెడ దగ్గర పని.

"నా చెవులు పరీక్షించేదేముంది," అంది పైనక్క కుర్చీలో కూర్చుంటూ. "పైన కూర్చుని కింద ఎవడు నన్ను తిట్టాడో చెబుతాను."

"బటను నొక్కితే చాలమ్మా. చెప్పక్కర్లేదు."

పరీక్ష అయింది. లావు శబ్దాల దగ్గర రెండు చెవుల గీతలూ హద్దు కిందికి దిగాయి. చెవులమ్మ మళ్లీ చేసింది. మళ్లీ దిగాయి.

సేఫ్టీ ఆఫీసరు వ్యాను తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు. కరెంటు వచ్చేసరికి క్రేను ఎవరు ఎక్కాలో ఆయన చెప్పాలి. చెవులమ్మ గీత చూపించింది. ఆయన చూసి, టోపీ తీసి, మళ్లీ పెట్టుకున్నాడు.

"ఈమె మా అక్క," అన్నాడు.

"మీ అక్కా?"

"సొంత అక్క. అందుకే నేను ఇంకేం మాట్లాడను. జల్లెడ."

పైనక్క గదిలోంచి వచ్చింది. "జల్లెడేంట్రా?"

"మేడమ్, గీత హద్దు దాటింది."

"మేడమ్ ఏంట్రా, మేడమ్? నీకు చెప్పులు తొడిగి బడికి తీసుకెళ్లినదాన్ని. నాకు గంట వినపడదంటావా?"

"నేననడంలేదు, యంత్రం అంటోంది. ఇంకెవరైనా అయితే ఇంకో మాట చెప్పేవాణ్ణేమో. నువ్వు కాబట్టి చెప్పను."

"అంటే నేను పరాయిదాన్నయితే బాగుండేది."

"ఈ పూటకి, అవునక్కా."

చెవులమ్మ వాళ్ల మాటలు వింటూనే ఉదయం నుంచి తీసిన గీతలన్నీ బల్ల మీద పరిచింది. గ్రైండింగు వాళ్లకు సన్న శబ్దాల దగ్గర గుంట ఉంది. అది ఒక్కొక్కరికి ఒక్కో లోతులో ఉంది. పాతవాళ్లకు ఎక్కువ, కొత్తవాళ్లకు తక్కువ. మోతలో పనిచేసే చెవి అలాగే పాడవుతుంది. లావు శబ్దాల దగ్గర మాత్రం కొత్తగా చేరినవాడిదీ రిటైరవబోయేవాడిదీ ఒకేలా దిగాయి. కుడి చెవీ ఎడమ చెవీ ఒకేలా దిగాయి. మనుషుల చెవుల్ని ఎవరూ ఒకే అచ్చులో పోయరు.

"కాస్త ఆగండి. ఇది చెవుల తప్పు కాదు," అంది.

"మరి?" అన్నాడు ఆఫీసరు.

"ఇప్పుడు తెలుస్తుంది. బావా, నువ్విటు వచ్చి కూర్చో. కూత పెట్టకు, ఏమీ ముట్టుకోకు."

ఆమె గదిలోకి వెళ్లి తలుపు వేసుకుని హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. కూత లేని చోట ఏమీ వినపడకూడదు. వినపడింది. సీసాలో పడ్డ తుమ్మెద చేసే చప్పుడులాంటిది, ఆగకుండా. హెడ్‌ఫోన్లు తీస్తే లేదు, పెట్టుకుంటే ఉంది. పంపు మోత అయితే తీసినప్పుడే ఎక్కువ వినపడాలి.

తలుపు తీసింది. "జుమ్మంటోంది బావా."

"ఎక్కడ?"

"తీగలో."

బావ వెళ్లి కూర్చున్నాడు, విన్నాడు. వచ్చేటప్పుడు ముఖం వేలాడేసుకుని వచ్చాడు.

పైనక్క అడిగింది. "ఆ తుమ్మెదేనా? అది పరీక్షలో భాగం కాదా?"

"మీకు వినపడిందా?"

"ఎందుకు వినపడదు? దాన్ని పట్టించుకోకూడదేమో, అదే అసలు పరీక్షేమో అనుకున్నా. కూత వచ్చినప్పుడే నొక్కమన్నావుగా."

ఆఫీసరు బయట బెంచీ మీద కూర్చున్న గ్రైండింగు వాళ్లను అడిగాడు. వాళ్లూ విన్నారు. ఒకాయన అది తన చెవిలో ఎప్పుడూ ఉండే మోతే అనుకున్నాడు. ఇంకొకాయన యంత్రం కదా, ఆ మాత్రం మోగదా అనుకున్నాడు. ఎవరూ ఎవరికీ చెప్పలేదు.

"పొద్దున లేదు మరి," అన్నాడు బావ. "నేనేగా కూర్చున్నది."

"పొద్దున ఇంటి కరెంటు. ఇప్పుడు నీ ఇన్వర్టరు. ఆ జుమ్ములో లావు కూతలు మునిగిపోయాయి."

బావ నడుం మీద చేతులు పెట్టుకున్నాడు. గాలిలో వచ్చే చప్పుడుకు పెట్టె కట్టాడు, స్పాంజి పెట్టాడు, అద్దం మీద అద్దం పెట్టాడు. తీగలో నడిచివచ్చే చప్పుడు సంగతి ఆయన తలకు తట్టలేదు. చెవులమ్మ తలకూ తట్టలేదు. ఆమె చూసుకున్న చెవులు సరైనవే, చూసుకున్న ప్లగ్గు వేరు.

"ఇంటి కరెంటు అలలా వస్తుంది, ఆ అల నున్నగా ఉంటుంది," అన్నాడు బావ ఆఫీసరుతో. "ఈ ఇన్వర్టరు అల మెట్లు మెట్లుగా ఉంటుంది. బల్బుకు పట్టదు, ఫ్యానుకు పట్టదు. ఈవిడ యంత్రానికి పట్టింది."

"నేను హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చుంటా. నువ్వు ఒక్కోటీ పీకు," అంది చెవులమ్మ.

బావ ప్రింటరు పీకాడు. కిటికీ అవతల ఆమె తల అడ్డంగా ఊపింది. ల్యాప్‌టాప్ ఛార్జరు పీకాడు. ఆమె చేయి సగం దించి చూపించింది, సగం తగ్గింది అన్నట్టు. ఇక మిగిలింది పరీక్ష యంత్రం అడాప్టరు. దాన్ని పీకితే యంత్రమే ఆగిపోతుంది. బావ దాన్ని చేతిలోకి తీసుకుని, వెనక్కి తిప్పి, అద్దాలు పైకి నెట్టి చదివాడు. తర్వాత నవ్వాడు. నవ్వు విని ఆమె బయటికి వచ్చింది.

"ఏమైంది?"

"ఈ డబ్బా గోడ కరెంటు తీసుకుని నీ యంత్రానికి ఇచ్చేది ఎంతో తెలుసా? పన్నెండు వోల్టులు."

"అయితే?"

"బ్యాటరీలో ఉన్నదీ పన్నెండేగా. పన్నెండును తీసుకెళ్లి ఇంటి కరెంటు చేశాను, దాన్ని మళ్లీ పన్నెండు చేశాను. పక్కింటికి పోవడానికి ఊరంతా తిరిగి వచ్చాను. తుమ్మెద ఆ దారిలోనే ఎక్కింది."

"నేరుగా ఇస్తే యంత్రం తట్టుకుంటుందా?"

"ఇంజను తిరుగుతుంటే వోల్టేజి పద్నాలుగు దాటుతుంది, అప్పుడైతే ఆలోచించాలి. ఇంజను ఆపి ఉంది. మీటరు పెట్టి చూస్తా."

మీటరు పెట్టాడు. పన్నెండుకు కాస్త పైన ఉంది. యంత్రం అడుగున రాసిన పరిధిలోనే ఉంది. ఇన్వర్టరు స్విచ్చు ఆపేసి, అడాప్టరు తీగను కట్టరుతో మధ్యలో కోశాడు. ఆ చప్పుడుకు చెవులమ్మ కళ్లు మూసుకుంది.

"ప్లస్సు ఎటో చూశావా బావా? తిరగబడితే నా యంత్రం పొయ్యిలోకే."

"పిల్లనిచ్చిన మామ కూడా నన్ను ఇన్ని ప్రశ్నలు అడగలేదు."

"అడిగుంటే అక్కకు ఇంకో సంబంధం చూసేవాడు."

ప్లగ్గు మధ్యలో ఉన్న మొన ప్లస్సు అని డబ్బా మీద బొమ్మ ఉంది. బావ ఆ బొమ్మను నమ్మలేదు. తీగ కోసిన చోట ఏ పోగు ఎటు వెళుతుందో మీటరు బీపుతో చూసుకున్నాడు. మధ్యలో ఫ్యూజు వేసి, బ్యాటరీకి బిగించి, ప్లగ్గు యంత్రంలో గుచ్చే ముందు దాని మీద ఇంకోసారి మీటరు పెట్టాడు. గుచ్చాడు. యంత్రం దీపం వెలిగింది.

చెవులమ్మ గదిలోకి వెళ్లింది. హెడ్‌ఫోన్లు పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. తన గుండె తప్ప ఇంకేమీ వినపడలేదు.

ల్యాప్‌టాప్ సంగతి మిగిలింది. దాని సొంత బ్యాటరీ పాతది, ఎక్కువసేపు నిలబడదు. డ్యాష్‌బోర్డు మీద సిగరెట్ లైటర్ సాకెట్టుకు పెట్టే ఛార్జరు బావ దగ్గర ఉంది. పెట్టి చూశారు. తుమ్మెద పోయి దోమ వచ్చింది. పీకేశారు.

"మనిషి గదిలో ఉన్నప్పుడు ఛార్జరు ఉండదు," అంది చెవులమ్మ. "మనిషి దిగి ఇంకో మనిషి ఎక్కేలోపు పెట్టు. ఎక్కగానే పీకు."

"సరే. నేనే నీ స్విచ్చు."

ఇదంతా చూస్తూ నిలబడ్డ ఆఫీసరు గొంతు సవరించుకున్నాడు. "మీరు చెప్పింది అర్థమైంది. కానీ ఇప్పుడు మా అక్కకు మళ్లీ పరీక్ష పెట్టి, ఆమె గట్టెక్కితే, షెడ్డులో ఏమంటారు? అక్క గట్టెక్కేదాకా ఆఫీసరు వ్యాను తీగలు కోయించాడంటారు. అనరా?"

"అంటారు," అంది పైనక్క. "నేనైనా అంటాను."

"అందుకే ఆమెకు మళ్లీ పెట్టను," అంది చెవులమ్మ. "అందరికీ పెడతాను. పొద్దున నుంచి తీసిన ప్రతి గీతా రద్దు. వచ్చిన వరసలోనే మళ్లీ రమ్మనండి. మీ అక్క చివర. ముందు వాళ్ల గీతలు లేస్తే తప్పు తీగది. లేవకపోతే నేను చెప్పిందే తప్పు, అప్పుడు ఆమె జల్లెడకు పోవచ్చు. మీరు ఈ కిటికీ దగ్గర నిలబడి చూడండి."

"కరెంటు వచ్చేస్తే? కొలిమి ఫ్యాను లేచిందంటే ఈ గదిలో ఏమీ కుదరదు. ఆపమని నేను అడగలేను, అడగను."

"అడగొద్దు. మనుషుల్ని ఆలస్యం చేయకుండా పంపండి, చాలు."

ఆఫీసరు వెళ్లి వాళ్లను కేకేశాడు. అన్నం డబ్బాలు తెరిచినవాళ్లు మూతలు పెట్టి వచ్చారు. విసుక్కున్నవాళ్లు ఉన్నారు. గ్రైండింగు వాళ్లలో ఒకాయన గదిలోకి ఎక్కుతూ, "ఈసారి ఏ పురుగును పెట్టారమ్మా?" అని అడిగాడు.

"ఈసారి ఏదైనా పురుగు వినపడితే చెయ్యెత్తండి. అది పరీక్ష కాదు."

ఎవరూ చెయ్యెత్తలేదు. మొదటివాడి గీత లావు శబ్దాల దగ్గర పైకి లేచింది. రెండోవాడిదీ లేచింది. ఆఫీసరు పాత కాగితం పక్కన కొత్త కాగితం పెట్టి చూస్తూ వచ్చాడు. సన్న శబ్దాల దగ్గర గుంటలు ఎక్కడివక్కడే ఉన్నాయి. ఒక్కొక్కరు దిగినప్పుడల్లా బావ ఛార్జరు గుచ్చాడు, ఎక్కినప్పుడల్లా పీకాడు. అందరివీ లేస్తున్నాయని బెంచీ మీదికి కబురు చేరింది. అక్కడ ఇక విసుగు లేదు, పందేలు మొదలయ్యాయి.

సబ్‌స్టేషను వైపు నుంచి మనిషి వచ్చి, ఇంకాసేపట్లో లైను ఇస్తున్నామని ఆఫీసరుకు చెప్పి పోయాడు. బెంచీ మీద పైనక్క ఒక్కతే మిగిలింది. లేచి, చీర కొంగు నడుముకు దోపి, వ్యాను ఎక్కింది. ఛార్జరు పీకిన ల్యాప్‌టాప్ మూలన, బ్యాటరీ అయిపోవస్తోందని, ఎర్ర గుర్తు కనిపిస్తోంది. బావ దాన్ని చూశాడు, చెవులమ్మ కూడా చూసింది.

అయినా చెవులమ్మ తొందరపడలేదు. ఒక్కో కూతకూ మధ్య ఎంత ఆగాలో అంతే ఆగింది. పైనక్క కళ్లు మూసుకుని నొక్కింది. లావు శబ్దాల గీత హద్దుకు బాగా పైన నిలిచింది. మధ్య శబ్దాలూ నిలిచాయి. సన్న శబ్దాల దగ్గరికి వచ్చేసరికి కూత ఉన్నా బటను కదలలేదు. కూత పెంచితే కదిలింది. అక్కడ గుంట ఉంది. హద్దు తాకలేదు కానీ దగ్గరికి వచ్చింది. చెవులమ్మ గుర్తు పెట్టి, గీతను ల్యాప్‌టాప్‌లో భద్రం చేసింది. ప్రతిసారీ చేసినట్టే, ప్రింటరుకు మాత్రం బావ ఇన్వర్టరు ఆన్ చేశాడు. కాగితానికి చెవులుండవు.

"క్రేను ఎక్కవచ్చు," అంది చెవులమ్మ ఆఫీసరుతో. తర్వాత పైనక్క వైపు తిరిగింది. "పొద్దున్నది తీగ తప్పు. ఇది మాత్రం తీగది కాదు, మీది. ఇదిగో ఈ గుంట. పైన క్యాబిన్‌లో చెవులకు ఏమన్నా పెట్టుకుంటారా?"

"పెట్టుకుంటే గంటెలా వినపడుతుంది?"

"మీ గంట పెద్దది, దాని మోత లావు శబ్దం. మూత పెట్టినా లోపలికి వస్తుంది. మీ చెవిని తినేసేది సన్న మోత. ఇవాళ్టి నుంచి పెట్టుకోండి. వచ్చే ఏడు కరెంటు తీసే పూట మళ్లీ వస్తాను. ఈ గుంట ఇంకాస్త దిగిందంటే నేనే మిమ్మల్ని దింపుతాను. అప్పుడు తుమ్మెద మీద నెట్టలేరు."

పైనక్క కాగితంలోని గుంటను వేలితో తడిమింది. "ఈ శబ్దం ఎలా ఉంటుంది? నాకు వినపడందాన్ని ఒకసారి వినపడేలా పెట్టు."

చెవులమ్మ కూత పెంచి, హెడ్‌ఫోన్లు ఆమె చెవికి ఆనించింది. పైనక్క విని, తమ్ముడి వైపు చూసింది.

"ఒరేయ్, మన ఇంట్లో జ్వరం చూసే థర్మామీటరు చివర్లో ఇలాగే అరుస్తుందా?"

"అరుస్తుంది."

"మరి అరవడంలేదని రెండు తిరిగి ఇచ్చేశానురా షాపులో. వాడు నా మొహం అదోలా చూశాడు."

బావ నవ్వాపుకోలేకపోయాడు. ఆఫీసరు నవ్వలేదు. స్టోర్సులోంచి చెవి మూతలు తెప్పించి, సంచి చింపి, తనే అక్క తలకు పెట్టి పట్టీ బిగించాడు.

"బిగుతుగా ఉందిరా."

"బిగుతుగానే ఉండాలి, మేడమ్."

"ఏమన్నావ్?"

"బిగుతుగానే ఉండాలి అన్నా."

"వినపడిందిలే. ఎవడు నన్ను మేడమ్ అన్నాడో పైనుంచి కూడా చెబుతాను."

ఆమె నిచ్చెన ఎక్కుతుండగా లైను వచ్చింది. షెడ్డు అంతటా దీపాలు వరసగా వెలిగాయి, కొలిమి ఫ్యాను లేచింది. కింద గంట కొట్టేవాడు తన చోటికి వచ్చి, ఆమె కూర్చునేదాకా చూసి, ఒకసారి కొట్టాడు. క్రేను పట్టాల మీద కదిలింది. ఆయన రెండుసార్లు కొట్టాడు. క్రేను ఆగింది.